సవరణ: థొరాంగ్ లా ‘సులువు’ అన్న మాట గురించి

నేపాల్‌లో ఎవరెస్ట్ ప్రాంతంలోని త్రీ పాసెస్ ట్రెక్ (మూడు కనుమలు దాటే కొండ నడక), అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే అన్నపూర్ణ సర్క్యూట్‌లలో ఏది ఎంచుకోవాలన్న కిందటి వ్యాసంలో థొరాంగ్ లా కనుమ మీదుగా వెళ్లే రెండోదాన్ని ‘సులువు’ అని రాశాను. దాన్ని ఇప్పుడు ‘దారి తేలిక, వాతావరణం కాదు’ అని మార్చాను.

దారి విషయంలో నా అభిప్రాయం మారలేదు. అన్నపూర్ణ చుట్టూ తిరిగేవారు దాటే పెద్ద కనుమ థొరాంగ్ లా ఒక్కటే, 5,416 మీటర్లు. త్రీ పాసెస్‌లో మూడు: కాంగ్మా లా (5,535), చో లా (5,420), రెంజో లా (5,360). చో లా మీద హిమానీనదాన్ని దాటాలి. పొద్దున్నే ఆ గట్టి మంచు మీద బూట్లకు మైక్రోస్పైక్స్ (జారకుండా తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు) లేకుండా అడుగు వేయడం సాహసం కాదు, మొండితనం. కాంగ్మా లా దిగుతుంటే బస చేసే లోబుచే ఊరు ఎదురుగానే ఉన్నట్టుంటుంది. తీరా చూస్తే మధ్యలో ఖుంబు హిమానీనదపు రాళ్ల గుట్టలన్నీ ఎక్కి దిగాలి.

ఇక వాతావరణం. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ తుపాను అక్కడితో ఆగలేదు. దాని శేషమే ఉత్తరానికి సాగి, 14న థొరాంగ్ లా, ఆ చుట్టుపక్కల కొండల్లో మంచు తుపానుగా విరుచుకుపడింది. 40 మందికి పైగా చనిపోయారు. ఆకాశం నిర్మలంగా ఉంటుందని అందరూ బయలుదేరే నెల అది! బంగాళాఖాతంలో వాయుగుండం అని వింటే కనుమకు ముందుండే మనాంగ్ ఊళ్లోనే ఆగిపోండి.

థొరాంగ్ లాకు అవతల ఉన్న ముక్తినాథ్ ఆలయ దర్శనం కోసమే అయితే కనుమ దాటనక్కర్లేదు, అటువైపునే ఉన్న జోమ్‌సోమ్ పట్టణం నుంచి జీపులున్నాయి.