చెరువుకట్ట సైరన్‌కి ఒక విన్నపం

మహారాజశ్రీ తీతువు గారి దివ్యసముఖమునకు,

నెల్లూరు జిల్లాలో ఒక చెరువుకట్ట మీద ఆదివారం పొద్దున్నే మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని తిరిగే అయిదుగురు రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగడం లేదు. అది పక్కూరికి కూడా వినిపిస్తూనే ఉంది.

నేరుగా విషయానికి వస్తాం. మొన్న ఆదివారం 6.50కి కలుజుకి ఎడమపక్క బురదలో ఒక స్టింట్ మేస్తోంది. పిచ్చుకంత పిట్ట, 30 గ్రాములు తూగడం కూడా కష్టమే. అది లిటిల్ స్టింటా, టెమ్మింక్స్ స్టింటా అన్నది తేలాలి. తేల్చుకోవడానికి దగ్గరి దారి కాళ్ళు. లిటిల్‌కి నల్లకాళ్ళు, టెమ్మింక్స్‌కి పాలిపోయిన పసుపుపచ్చ కాళ్ళు. చెప్పడానికి సుళువే. కానీ చెరువు బురదలో పదినిమిషాలు తిరిగితే ఎవరి కాళ్ళయినా నల్లకాళ్ళే. కాబట్టి అది నీళ్ళలోకి దిగి కాళ్ళు కడుక్కునేదాకా కూర్చోవాలి. కూర్చున్నాం. 40 నిమిషాలు. తుంగ దుబ్బు వెనక, కింద తడి, పైన దోమలు. పిట్ట పొడుచుకుంటూ పొడుచుకుంటూ నీటి అంచుకి వచ్చింది. ఒక కాలు ఎత్తింది.

అప్పుడు తమరు లేచారు.

తమ కూత ఇంగ్లీషువాళ్ళకి 'డిడ్ హి డూ ఇట్' అని వినిపించిందట. అది ఆరా తీయడం. ఇక్కడ వినిపించేది ఆరా కాదు, దండోరా. "వచ్చుండారో! వచ్చుండారు! కట్ట కింద అయిదుగురుండారో!" స్టింట్ లేచింది. అంతటితో పోయినా బాధ లేకపోను. టెమ్మింక్స్ లేచిందంటే తోక అంచులు తెల్లగా మెరుస్తాయి, గజ్జెలు ఆడించినట్టు సన్నగా కూస్తూ నిలువునా పైకి పోతుంది. లిటిల్‌కి తోక అంచులు బూడిదరంగు, కూత పొట్టిగా 'స్టిట్' అని తెగిపోతుంది. అంటే కాళ్ళు పోయినా తోక ఉంది, తోక పోయినా కూత ఉంది. ఆ పిట్ట మా నెత్తిమీదుగా తూర్పుకి, సూర్యుడికి అడ్డంగా పోయింది. తోక కాదు కదా, ఒళ్ళే నల్ల చుక్క. ఇక మిగిలింది కూత. అది కూసిందో లేదో మీకే తెలియాలి. ఆ అర నిమిషం చెరువులో మీ గొంతు తప్ప ఇంకొకరిది వినబడితే ఒట్టు.

చూసిన పిట్టల లెక్క ఎక్కించే ఈబర్డ్ సైటు చెక్‌లిస్టులో ఏమని రాశామో తెలుసా? 'స్టింట్ జాతి: 1'. దాని కింద 'తీతువు: 2'.

ఇంత చిన్న పిట్ట కోసం ఇంత గోలా అని తమరు అనవచ్చు. గోల గురించి తమరే అనాలి. కాస్త లెక్క చూడండి. కార్తీకం వానలకి నిండిన చెరువు ఫాల్గుణం వచ్చేసరికి వెనక్కి జరుగుతుంది. నీళ్ళు జరిగిన మేరా మెత్తటి బురద, బురద నిండా పురుగు. ఉత్తరానికి పోవలసిన పిట్టలన్నీ ఒళ్ళు పెంచుకోవడానికి ఆ అంచునే చేరతాయి. చలికాలమంతా ఒకే బూడిదరంగు అంగీ వేసుకు తిరిగినవి ఇప్పుడు పెళ్ళిబట్టలు కడతాయి. గాడ్విట్ మెడ ఇటుకరంగుకి తిరుగుతుంది. గోల్డెన్ ప్లవర్ పొట్ట నల్లబడుతుంది. లిటిల్ స్టింట్ వీపు తుప్పురంగుకి వచ్చి, దాని మీద తెల్లగా 'వి' గీత తేలుతుంది. టెమ్మింక్స్ ఒక్కటే పెళ్ళికి కూడా పాత చొక్కాతో వచ్చే మేనమామ లాంటిది. అక్కడో నల్ల ఈక, ఇక్కడో నల్ల ఈక, అంతే. ఏప్రిల్ సగం దాటితే చాలా పిట్టలు కనబడవు. ఆగస్టులో తిరిగి మొదలయ్యేసరికి ఆ రంగులు అరిగి వెలిసిపోయి ఉంటాయి. అంటే ఏడాదికి నాలుగు ఆదివారాలు. అందులో ఒకటి ఎవరో ఒకరి పెళ్ళికి పోతుంది. మిగిలిన మూడూ తమ నోట్లోకి.

మా తప్పు లేదా అంటే, మొదట్లో ఉండేది. ఇప్పుడు లేదు. నేల సముద్రం వైపు వాలు కాబట్టి ఇక్కడి చెరువులకి చాలావరకు కట్ట తూర్పున, నీళ్ళు పడమరన. పొద్దున్నే సూర్యుడు వీపు వెనక, పిట్టల మీద నిండు వెలుగు. పిట్టలు చూసేవాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరూ చేసిపెట్టరు. దాన్ని చెడగొట్టుకునే పద్ధతి కూడా ఒకటే: కట్ట మీద నిలబడటం. ఆకాశానికి ఎదురుగా మనిషి బొమ్మ కటౌట్‌లా లేస్తుంది, నీడ తాటిచెట్టంత సాగి నీళ్ళ మీద పడుతుంది. అందుకని కట్టకి అవతలి పక్క, కయ్యల వైపు, గెనాల మీదుగా నడవాలి. తూము దగ్గరో చింతచెట్టు దగ్గరో మాత్రమే తల పైకెత్తాలి. అక్కడినుంచి పిట్ట వైపు సూటిగా పోకూడదు, వేరే పనుందన్నట్టు ఏటవాలుగా పోవాలి. పది అడుగులు, ఆగి ఇరవై లెక్కపెట్టడం, మళ్ళీ పది అడుగులు. ముందుమనిషి వెనకే ఒకే వరస. వేలు చాపి చూపించకూడదు, 'ఎండిన తాటిబోదెకి రెండు బారలు కుడిపక్క' అని గొణగాలి. హవాయి చెప్పులు ఇంట్లో వదిలి రావాలి, వాటి టపటప పిట్టలకి బాగా తెలుసు. గేదెలు దొరికితే అదృష్టం. మంద వెనక వంగి నడిచేవాడిని కొంగలు కూడా లెక్కచేయవు. ఇదంతా 8.15 లోపు అయిపోవాలి. ఆ తర్వాత బురద మీంచి ఆవిరి లేస్తుంది, టెలిస్కోప్‌లో పిట్ట అంచులు పాయసంలో సేమ్యాలా కదలాడతాయి.

ఇన్నీ చేశాం. చేసినా తమరు లేచారు.

తమరు ఒక్కరే లేచి ఊరుకుంటే అదొక రకం. ముందు తమరు. ఆ వెంటనే స్టిల్టులు, అవి తమ పార్టీ కార్యకర్తలు, జెండా ఎత్తారంటే నినాదం అందుకుంటాయి. తర్వాత శాండ్‌పైపర్లు, తర్వాత కొంగలు. బాతులు నడి చెరువుకి ఈదుకుంటాయి. ఎవరి జోలికీ పోని బుడబుంగ కూడా ఎందుకైనా మంచిదని మునుగుతుంది. అర నిమిషంలో సభ ముగుస్తుంది. మాకు మిగిలేది వెనకభాగాలు. తమ దయ వల్ల ఈ జిల్లాలో పిట్టలు చూసేవాళ్ళం ముఖాల కంటే పిరుదులు బాగా గుర్తుపడుతున్నాం. నల్లటి ఒంటి మీద నడుము తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపించి, రెక్క అడుగు నల్లగా ఉంటే గ్రీన్ శాండ్‌పైపర్. రెక్క అడుగు లేతగా ఉండి, వేళ్ళు తోక దాటితే వుడ్ శాండ్‌పైపర్. తెలుపు నడుము దగ్గర ఆగకుండా వీపు మీదికి కోసుగా ఎక్కి, కాళ్ళు తోక వెనక బాగా సాగితే మార్ష్ శాండ్‌పైపర్. రెక్క వెనక అంచంతా వెడల్పాటి తెల్ల పట్టీ ఉంటే రెడ్‌షాంక్. ఏ క్లాసులోనూ చెప్పని పాఠం ఇది. ఫీజు రూపంలో ఒక స్టింట్‌ని కట్టించుకున్నారు.

ఇంకొందరికి కూడా రాయవలసిన ఉత్తరాలున్నాయి. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చే కొత్త సభ్యుడికి ఒకటి. సరిగ్గా 6.30కి మోగే భక్తిపాట రింగ్‌టోన్‌కి ఒకటి. కంపలో దూరి 'చక్ చక్' అంటూ ఒళ్ళు చూపించని వార్బ్లర్‌కి ఒకటి. కూత విని పేరు చెప్పే ఫోను ఆప్‌కి రాయనక్కర్లేదు, దాని తప్పేమీ లేదు. పది నిమిషాలు పట్టి ఉంచితే తమ పేరే పదిసార్లు చూపించింది. ఉన్నది చెప్పింది.

మెట్టలో మీ దాయాది ఉన్నాడు, పచ్చ కండ తీతువు. ఒళ్ళు కాస్త చిన్నది, అదే నడక, కంటిముందు ఎరుపు బదులు పసుపు. అతనూ అరుస్తాడు. కానీ ఇంట్లో పెద్దవాళ్ళు పడుకున్నారన్నట్టు అరుస్తాడు. మర్యాద అనేది మీ వంశంలో లేదని అనుకోవడానికి వీల్లేకుండా చేశాడు.

మీ బాధ అర్థం కాకపోలేదు. చైత్రం వస్తే కోకిలకి ఉగాది కవిసమ్మేళనంలో శాలువా కప్పుతారు. అది జత చేత పరాయి గూట్లో గుడ్డు పెట్టించి పాడినా సరే. మీకు? రాత్రి ఇంటిమీద అరిస్తే కీడని, ముసలమ్మలు లేచి నీళ్ళు తాగి పడుకుంటారు. వెన్నెల రాత్రుళ్ళు మేతకి తిరిగే పిట్ట కాబట్టి రాత్రి అరుస్తుంది అని చెప్పినా వినేవాడు లేడు. 1840లలో నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన పక్షిశాస్త్రవేత్త జెర్డన్, ఇక్కడి యానాదుల్ని అడిగి పిట్టల పేర్లు, వాటి అలవాట్లు తెలుసుకున్నాడు. వాళ్ళు మిమ్మల్ని శకునం అని కాదు, పిట్ట అనే చూసి ఉంటారు. వాళ్ళ కాలంలోనూ మీరు వేటగాడి పని చెడగొట్టే ఉంటారు. వాళ్ళు అడవిలో తిట్టారు, మేము ఉత్తరం రాస్తున్నాం. ఇంతలో పెద్ద ప్రగతి లేదు.

అయినా ఏందమ్మా నీ గోల? అయిదుగురం. చేతిలో ఒడిసెల లేదు, వల లేదు, కుక్క లేదు. కట్ట కింద పిల్లుల్లా కూర్చున్నాం. మా మీదా నీ ప్రతాపం? ఆ వెనక, చెరువు గర్భంలో, రాత్రి పదింటి నుంచి తెల్లారేదాకా పొక్లెయిన్ దిగి మట్టి ఎత్తుతుంటే, టిప్పర్లు వరస కట్టి పోతుంటే, అప్పుడు ఎక్కడ పోయింది నీ నోరు? బురద అంచు ఏటవాలుగా ఉంటేనే కదా స్టింట్ నిలబడేది, ఉల్లంకి నిలబడేది. ఇంటి లోతున నిలువుగా కోసిన గుంతలో ఏ పిట్ట కాలు మోపుతుంది? దాని కాళ్ళు నల్లవా పచ్చవా అని వచ్చే ఏడు చూడటానికి అంచే ఉండదు. అరవవలసింది అక్కడ. అక్కడ అరువు!

అరిచావట.

కట్ట కింద మోటారు షెడ్డులో పడుకునే కాపలా తాత చెప్పాడు. మూడు రాత్రులు టిప్పరు దీపాల మీద తిరుగుతూ అరిచావట. "ఎవురికో మూడింది, తీతువు వదలకుండా అరస్తా ఉంది" అనుకుని ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడట. చెరువుకే మూడిందని చెప్పడానికి నీకు మాట రాదు, వినడానికి వాళ్ళకి చెవి లేదు.

తర్వాత మేము కూడా వెతికాం. టిప్పరు చక్రాల జాడకి నాలుగు బారల దూరంలో, గ్రావెల్ రాళ్ళ మధ్య అరచేతిలోతు కూడా లేని గుంట. చుట్టూ మేకపెంటికలు, గులకరాళ్ళు. అందులో నాలుగు గుడ్లు, సన్నటి కొసలు నాలుగూ లోపలికి తిప్పి, కొలిచి పేర్చినట్టు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. చూపు ఒకసారి పక్కకి తిప్పి మళ్ళీ తెస్తే ఏది రాయో ఏది గుడ్డో వెతుక్కోవాలి. పిల్ల బయటికి రావడానికి నాలుగు వారాలు పడుతుంది. బయట ఎండ 40 దాటుతుంది. ఆ ఎండలో గుడ్లు పొదగడం అంటే వేడి ఇవ్వడం కాదు, వేడి తగలకుండా నీడ పట్టడం. నువ్వు చెరువుకి పోయి, పొట్ట ఈకలు నీళ్ళలో బాగా ముంచి, తడి కారుతుండగా వచ్చి వాటి మీద నిలబడ్డావు. నువ్వు లేవగానే నీ జత వచ్చి అదే చేసింది. రెండు నోళ్ళూ అప్పుడు మూతపడే ఉన్నాయి. చెవులు నమ్మలేకపోయాం.

కాబట్టి మర్యాదగానే ఒక ఒప్పందం. ఇకమీదట కట్ట ఎక్కేముందు స్టింట్‌ని కాదు, ముందు మిమ్మల్నే వెతుకుతాం. మెడ నిటారుగా చాపి మొదటి 'టిట్' అనగానే ఎక్కడివాళ్ళం అక్కడ కూర్చుండిపోతాం, మీరు మళ్ళీ తల దించి మేత మొదలుపెట్టేదాకా. పది నిమిషాలు పట్టినా సరే. దూరంగా నిలబడి అరిస్తే గుడ్లున్నాయని, నెత్తిమీదికి దూకితే పిల్లలు కాళ్ళదగ్గరే ఎక్కడో నక్కి ఉన్నాయని లెక్కేసుకుని, వచ్చిన అడుగుల్లోనే అడుగులేసి వెనక్కి పోతాం. మీ వైపు నుంచి మేము కోరేది చాలా కొంచెం. స్టింట్ కాలు నీళ్ళలో పెట్టి తీసేంతసేపు. మూడు సెకన్లు.

గూడు దగ్గర పుల్ల పాతలేదు, రాయి పెట్టలేదు. గుర్తు పెడితే ముందు చూసేది కాకి. ఫొటో కూడా తీయలేదు. టిప్పరు డ్రైవరుకి మాత్రం, ఆ పక్క గుంత పడి ఉంది, బండి దిగబడుద్ది అని చెప్పాం.

ఇట్లు,
కట్ట కింది అయిదుగురు