బాబాయ్ మోకాలు, జలగల గొడవ

బాబాయి: మోకాళ్ళ నొప్పికి జలగలు పట్టించుకుని చెడు రక్తం తీయించుకుంటానంటే అంతెత్తున లేస్తావేంటమ్మా? జలగలు 12 రకాలు, అందులో 6 విషంవి, 6 మంచివి అని సుశ్రుతుడు ఎప్పుడో రాశాడు.

కావ్య: రాశాడు, కాదనను. కానీ పారిస్‌లో బ్రూసే అనే డాక్టరు ఏ జబ్బొచ్చినా పొట్టలో వాపే కారణమని జలగలు పట్టించేవాడు, ఆ మోజులో 1833లో ఫ్రాన్స్ 4 కోట్లకు పైగా జలగల్ని దిగుమతి చేసుకుంది బాబాయ్! తర్వాత పియర్ లూయీ అనే ఆయన న్యుమోనియా రోగుల లెక్కలు తీసి చూస్తే, రక్తం తీసినందుకు ఒరిగింది పెద్దగా ఏం లేదు.

బాబాయి: మరి మీ ఆస్పత్రుల్లో ఎందుకు వాడుతున్నారు? 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఒప్పుకుందిగా!

కావ్య: దేనికి ఒప్పుకుందో కూడా చెప్పు మరి. తెగిన వేలు కుట్టామనుకో, ధమని గోడ గట్టిది కాబట్టి కుట్టు నిలుస్తుంది, సిర మాత్రం మహా పల్చన, దాంతో రక్తం లోపలికి వస్తుంది గానీ బయటికి పోయే దారుండదు, వేలు నీలంగా ఉబ్బిపోతుంది. కొత్త సిరలు అల్లుకునేదాకా ఆ నాలుగైదు రోజులూ జలగే దారి. అది తాగేది 5–10 మిల్లీలీటర్లే, కానీ దాని లాలాజలంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని హిరుడిన్ ఉంటుంది కాబట్టి ఊడిపోయాక కూడా గంటల తరబడి కారుతుంది, మాకు కావాల్సింది ఆ కారడమే. 1985లో బోస్టన్‌లో ఓ ఐదేళ్ళ పిల్లాడి తెగిన చెవి అలాగే దక్కింది. ఇందులో మీరనే 'చెడు రక్తం' ఎక్కడుంది?

బాబాయి: 2003లో జర్మనీలో 51 మంది మీద పరీక్ష చేస్తే వారంలో నొప్పి తగ్గిందట. అదీ మోకాళ్ళకే!

కావ్య: తగ్గింది, నిజమే. (అది చదివి నేనూ ఆశ్చర్యపోయాను.) కానీ రెండో గుంపుకి రాసింది నొప్పి జెల్లు. తనకి పట్టించింది జలగో జెల్లో రోగికి తెలిసిపోతుందిగా, అందులో నమ్మకం వల్ల తగ్గింది ఎంతో ఎలా తేలుస్తాం? అదలా ఉంచు. జలగ పేగుల్లో ఏరోమోనాస్ అనే బాక్టీరియా ఉంటుంది, అందుకే మేం ముందే యాంటీబయాటిక్ ఇస్తాం, వాడిన జలగని స్పిరిట్‌లో వేసి చంపేస్తాం. నీకు జలగలు పట్టిస్తానన్న ఆయన ఏం చేస్తాడు?

బాబాయి: పసుపు చల్లి కక్కించి సీసాలో దాస్తాడు. నా సీసా మీద నా పేరే రాస్తానన్నాడులే.

కావ్య: బానే ఉంది! మరి నీకు స్టెంట్ వేశారని, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నావని ఆయనకి చెప్పావా?

బాబాయి: లేదమ్మా... మోకాలి వైద్యంలో గుండె మాత్రల ఊసెందుకు, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు ఉంటుందని ఊరుకున్నా.