ఏసీ గార్డ్స్ సిద్దీలది ఏ దేశమని అడక్కండి

హైదరాబాద్‌లో పుట్టి, తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటూ, మనలో చాలామంది కంటే చక్కగా దక్కనీ మాట్లాడే మనిషిని పట్టుకుని "మీది ఏ దేశం?" అని అడుగుతున్నాం. ఏసీ గార్డ్స్ బస్తీలోని సిద్దీల, అంటే ఆఫ్రికా మూలాలున్న మన హైదరాబాదీల సంగతే చెప్తున్నా. ఒంటి రంగు, రింగుల జుట్టు కనబడితే చాలు, చదువుకోవడానికి వచ్చిన నైజీరియా వాళ్లనుకుంటాం. నాకిది చూస్తే కోపం వస్తుంది, బాధా కలుగుతుంది.

ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళం. ఆ దళం మొదట ఎవరిదో తెలుసా? మన పాలమూరులోని వనపర్తి సంస్థానానిది. అక్కడి రాజా పెట్టుకున్న ఆఫ్రికన్ అంగరక్షకులే తర్వాత నిజాం కొలువులోకి వచ్చారు. తెలుగు సంస్థానం కోసం కత్తి పట్టిన వాళ్ల మనవలు, మునిమనవలను మనం పరాయివాళ్లంటున్నాం! 1948 తర్వాత నిజాం సైన్యం పోయింది, దాంతో పాటే కొలువులూ పోయాయి. కుటుంబాలు మాత్రం ఆ బస్తీని వదల్లేదు. వదిలి ఎక్కడికి పోతారు, వాళ్ల ఊరే ఇది అయినప్పుడు?

ఇక మర్ఫా. పాతబస్తీ బరాత్‌లో మర్ఫా మోగితే కాలు ఆడించకుండా నిలబడ్డవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అరబ్బుల నుంచి, సిద్దీల నుంచి వచ్చిన వాద్యం అది. ఆ దరువు మనదైపోయింది, మంచిదే. కొట్టేవాడు మాత్రం మనవాడు కాలేకపోయాడు. పెళ్లి అయ్యాక డబ్బులిచ్చి పంపించేస్తాం, అంతే.

ప్రభుత్వం కాగితాల మీద గుర్తించింది, కాదనను. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన బీసీ-ఈ జాబితాలో సిద్ది, యాబ, హబ్షీ, జసి అని నాలుగు పేర్లతో వీళ్లున్నారు. పక్కనే కర్ణాటకలో, యల్లాపుర, హళియాళ అడవుల వైపు ఉండే సిద్దీలను 2003లో ఎస్టీల్లో చేర్చారు. 2020లో వాళ్లలోంచి శాంతారామ్ సిద్ది శాసనమండలికి కూడా వెళ్లారు. మన దగ్గర ఒక సిద్దీ కార్పొరేటర్‌గా నిలబడితే పార్టీ టికెట్ ఇస్తుందా? నాకు నమ్మకం లేదు.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కన్సాస్‌లోని ఒలేత్‌లో మన తెలుగు ఇంజినీర్ శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినప్పుడు మనమంతా ఏడ్చాం. మా దేశం నుంచి పొండి అని అరిచి మరీ కాల్చాడు ఆ దుర్మార్గుడు. మేం ఇక్కడివాళ్లం అవుతామా అని శ్రీనివాస్ భార్య అమెరికాని నిలదీస్తే తెలుగువాళ్లందరం ఆమె వెనక నిలబడ్డాం. నెల తిరిగిన కొద్దిరోజులకే, మార్చి 27న, గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రాడి చావుకు నైజీరియా వాళ్లే కారణమని గుంపు కట్టి, మాల్‌లోకి దూరి, దొరికిన విద్యార్థిని కుర్చీలతో, చెత్త డబ్బాలతో కొట్టారు. ఆ వీడియో చూసి మనలో ఎంతమంది నోరు విప్పారు? డల్లాస్‌లో దిగిన పదేళ్లకే అది మన ఊరంటాం. అనాల్సిందే, ఆ హక్కు మనకుంది. మరి ఏసీ గార్డ్స్‌లో నాలుగు తరాలు బతికినవాళ్లకు ఆ మాట అనే హక్కు లేదా?

"ఆఫ్రికన్లు డ్రగ్స్ అమ్ముతారండీ" అంటారు వెంటనే. అమ్మినవాణ్ణి పోలీసులకు పట్టివ్వండి, ఎవరొద్దన్నారు? కానీ ఉస్మానియాలో చదువుకోవడానికి సూడాన్ నుంచో, టాంజానియా నుంచో వచ్చిన పిల్లాడికి ముఖం చూసి గది లేదనడం, అదే ముఖంతో ఉన్నాడని ఈ ఊరి సిద్దీకి కూడా లేదనడం ఏం న్యాయం?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆఫ్రికన్లకు ఫ్లాట్ అద్దెకివ్వొద్దని ఎవరో పెడితే వరసగా బొటనవేళ్లు పడ్డాయి. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంది. ఆ మెసేజ్ ప్రింట్ తీసి పట్టుకెళ్తున్నా. ఒప్పుకున్న వాళ్లంతా అందరి ముందూ ఎందుకో చెప్పాలని అడుగుతా. నాతో పాటు వచ్చేవాళ్లుంటే చెప్పండి.