రైతుకో నీతి, కారుకో నీతి

24 గంటల ఉచిత కరెంటు ఇచ్చే ముందు, 2017లో, తెలంగాణ సర్కారు రైతులను ఒక మాట అడిగింది: బోరు మోటార్లకు పెట్టిన ఆటో స్టార్టర్లు తీసేయండి అని. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే తిరిగితే ట్రాన్స్‌ఫార్మర్లు తట్టుకోలేవని విద్యుత్ సిబ్బంది ఊరూరా తిరిగి చెప్పారు. అది న్యాయమైన మాటే. మరి అదే మాట ఎలక్ట్రిక్ కారు కొన్నవారికి ఎందుకు చెప్పరు?

లెక్క చూడండి. ఇంట్లో గోడకు బిగించే ఛార్జర్ 7 కిలోవాట్ల పైనే లాగుతుంది. కాలనీలో 100 కేవీఏ (మహా అయితే 100 కిలోవాట్లు మోసే) ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, ఆఫీసుల నుంచి వచ్చిన పదమూడు కార్లు ఒకేసారి ప్లగ్‌లో పెడితే చాలు, అది దాదాపు నిండిపోతుంది. ఏసీలు, గీజర్లు, మిగతా ఇళ్ల లోడు దానికి అదనం. ఛార్జర్ పెట్టుకుంటే ఇంటికి మంజూరైన లోడు పెంచుకోవాలన్న నిబంధన ఉంది నిజమే. అది ఎంత వాడాలో చెబుతుంది, ఎప్పుడు వాడాలో చెప్పదు. అసలు చిక్కంతా ఆ 'ఎప్పుడు' దగ్గరే.

ఎలక్ట్రిక్ వాహనాలు (ఈవీలు) ఇంకా తక్కువే, ఇప్పుడే ఆంక్షలు పెడితే కొనేవారు వెనకాడతారని కొందరంటున్నారు. ఈవీలు రావాలనే మేమూ కోరుతున్నాం. అందుకే 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసిన రాష్ట్ర ప్రభుత్వం, ఆ రాయితీకి ఒక్క ఛార్జింగ్ షరతైనా జత చేయాల్సిందని అంటున్నాం. ఉచిత కరెంటు తీసుకునే రైతుకు షరతు, పన్ను మాఫీ పొందే కారు యజమానికి స్వేచ్ఛా? కొత్త ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు చివరికి అందరి బిల్లుల్లోకే ఎక్కుతుంది. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ ఉన్న ఇల్లు కూడా అది కట్టాల్సిందే.

దారి తెలియక కాదు. ఇళ్లలో పెట్టే కొత్త ఛార్జర్లు కరెంటు వాడకం ఎక్కువగా ఉండే వేళలు తప్పించేలా ముందే సెట్ చేసి అమ్మాలని, అన్నీ ఒకే క్షణాన మొదలవకుండా కొద్ది నిమిషాల తేడా ఉండాలని బ్రిటన్ 2022లోనే నిబంధన తెచ్చింది. మన కేంద్రం కూడా పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లలో పగటి సోలార్ వేళ ఒక రేటు, మిగతా వేళల్లో ఎక్కువ రేటు ఉండాలంది. ఇళ్లకు వచ్చేసరికి వేళలవారీ ధర, ఏ వేళ ఎంత వాడారో నమోదు చేసే స్మార్ట్ మీటర్ పెట్టాకే. మీటర్ వచ్చేదాకా కార్లు ఆగుతాయా?

విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) వచ్చే టారిఫ్ ప్రతిపాదనల్లోనే టైమర్ ఛార్జర్‌ను, ఈవీకి విడి మీటరును, రాత్రి పదకొండు తర్వాత తక్కువ ధరను పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్లు పేలాక 'ఊహించలేదు' అంటే కుదరదు. ఈ లెక్క వాళ్ల ఇంజినీర్లకు మాకన్నా బాగా తెలుసు.