బరువు తక్కువ అనేది సగం జవాబే

నెలలు నిండకుండా పుట్టి ఎన్ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో) ఉన్న బిడ్డకు రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తే తల్లిదండ్రులకు తరచూ వినిపించే మాట, ‘బరువు తక్కువ కదండీ, తట్టుకునే శక్తి ఉండదు’ అని. అందులో అబద్ధం లేదు. కానీ అది సగం జవాబే. మిగతా సగం ఆ వార్డు ఎలా నడుస్తోందన్న దాంట్లో ఉంటుంది. దాని గురించి మాట్లాడటం ఎవరికీ అంతగా ఇష్టం ఉండదు.

తల్లి నుంచి బిడ్డకు చేరే, క్రిములతో పోరాడే ఐజీజీ యాంటీబాడీల్లో ఎక్కువ భాగం గర్భం చివరి మూడు నెలల్లోనే అందుతాయి. 26వ వారంలో పుట్టిన బిడ్డ ఆ వాటా చాలావరకు అందుకోకుండానే బయటికి వచ్చేస్తుంది. చర్మం పైపొర అప్పటికి సరిగా ఏర్పడి ఉండదు. పేగు గోడ కూడా పచ్చిగానే ఉంటుంది కాబట్టి, అక్కడ పెరిగే బ్యాక్టీరియా రక్తంలోకి జారుకోగలదు.

ఇంతవరకూ అది బిడ్డ బలహీనతే. అయితే డాక్టర్లు ఈ ఇన్ఫెక్షన్లను రెండు రకాలుగా చూస్తారు. పుట్టిన 72 గంటల్లోపు బయటపడేవి ఎక్కువగా తల్లి నుంచి వచ్చేవి. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఈ కోలి వీటిలో ముఖ్యమైనవి. ఆ తర్వాత వచ్చేవి చాలావరకు ఆస్పత్రిలో అంటుకున్నవే. సంపన్న దేశాల్లో ఈ రెండో రకానికి ఎక్కువగా కారణమయ్యేవి చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ జాతులు. ఆదాయం తక్కువున్న చాలా దేశాల్లో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి మొండి క్రిములదే పైచేయి, అనేక యాంటీబయాటిక్స్‌కు అవి లొంగవు. అదే బరువు, అదే వారాల బిడ్డకు పుట్టిన చోటును బట్టి క్రిమి మారుతోందంటే, కారణమంతా బిడ్డలోనే ఉందనడం ఎలా కుదురుతుంది?

అసలు సమస్యల్లో పెద్దది లైన్. పాలు అరిగించుకోలేని బిడ్డకు పోషకాలన్నీ రక్తనాళం ద్వారానే ఇవ్వాలి. అందుకు బొడ్డు నాళంలోంచో, చేతి నరంలోంచో గుండె దగ్గరి దాకా సన్నటి గొట్టం వేస్తారు. దాన్నే లైన్ అంటారు. అది లేకపోతే బిడ్డ బతకడం కష్టం. ఉంటే బయటి నుంచి రక్తంలోకి దారి తెరిచే ఉంటుంది. మందు ఎక్కించినా, సీసా మార్చినా, ఆ గొట్టం మూతిని ఎవరో ఒకరు ముట్టుకోవాల్సిందే. రోజులు గడిచేకొద్దీ రిస్క్ పోగవుతూ ఉంటుంది. అందుకే ఇన్ఫెక్షన్ రేటును వెయ్యి ‘లైన్ రోజుల’కు ఎన్ని అని లెక్కిస్తారు. ఒక బిడ్డకు ఒక రోజు లైన్ ఉంటే అది ఒక లైన్ రోజు.

న్యూయార్క్ రాష్ట్రంలో 18 ప్రాంతీయ ఎన్ఐసీయూలు ఈ లైన్ల మీదే గురిపెట్టాయి. వేసేటప్పుడు చెక్‌లిస్ట్, వాడుతున్నన్నాళ్లూ చెక్‌లిస్ట్. రేటు వెయ్యి లైన్ రోజులకు 6.4 నుంచి 2.1కి పడిపోయిందని 2011లో ప్రచురించారు. బిడ్డలు ఉన్నట్టుండి బలంగా పుట్టలేదు. మారింది పెద్దవాళ్ల పద్ధతి.

దీని పక్కన కొనుక్కొచ్చే పరిష్కారాల చరిత్ర పెట్టి చూడండి. ఇన్ఫెక్షన్ ఉన్న, ఉందని అనుమానించిన సుమారు 3,500 మంది పసికందుల మీద జరిగిన ఇమ్యునోగ్లోబులిన్ (బయటి నుంచి ఎక్కించే యాంటీబాడీలు) ట్రయల్ 2011లో ఫలితం లేదని తేల్చింది. పాలలో ఉండే లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్‌ను అదనంగా కలిపి ఇస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయన్న ఆశను 2,200 మంది బిడ్డలతో బ్రిటన్‌లో జరిగిన ట్రయల్ 2019లో వమ్ము చేసింది. క్రిముల్ని చంపే మందు పట్టించిన లైన్లూ ట్రయల్‌లో మామూలు లైన్ల కంటే మెరుగని తేలలేదు. పరిశోధన వద్దని కాదు. కానీ బిల్లు చూపించగలిగే పరిష్కారానికి దొరికే ఉత్సాహం, చేతులు కడిగించే పనికి దొరకదు.

యాంటీబయాటిక్స్ కథ ఇంకాస్త చిక్కు. 800 గ్రాముల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం దాదాపు 70 మిల్లీలీటర్లు. రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌ పరీక్షకు కనీసం ఒక మిల్లీలీటరైనా కావాలి. అంత తీయడానికి చేయి ఆడదు, తక్కువ తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. ఫలితానికి 36 నుంచి 48 గంటలు ఆగాలి. ఈలోపు బిడ్డ ఊపిరి మధ్యమధ్యలో ఆగడం, గుండె వేగం పడిపోవడం, పాలు అరగకపోవడం లాంటివి కనిపిస్తాయి. ఇవన్నీ ఇన్ఫెక్షన్ లేకుండా, నెలలు నిండకపోవడం వల్ల కూడా రావచ్చు. ఆ టెన్షన్‌లో మందు మొదలుపెట్టిన డాక్టర్‌ని తప్పుపట్టలేం. గంటల్లో ప్రాణం పోయే జబ్బు ఇది.

తప్పు ఎక్కడంటే, కల్చర్‌లో ఏమీ రాకపోయినా, బిడ్డ బాగానే ఉన్నా, ‘ఎందుకైనా మంచిది’ అని వారం దాకా లాగడంలో. కాలిఫోర్నియాలో 127 ఎన్ఐసీయూలను పోల్చిన 2015 అధ్యయనంలో యాంటీబయాటిక్ వాడకంలో 40 రెట్ల తేడా కనిపించింది. రుజువైన ఇన్ఫెక్షన్ల సంఖ్యతో ఆ తేడాకు పొంతన లేదు. అంటే చాలాచోట్ల నిర్ణయిస్తున్నది జబ్బు కాదు, అలవాటు. కల్చర్ నెగెటివ్ వచ్చినా ఎక్కువ రోజులు యాంటీబయాటిక్ వాడిన బిడ్డల్లో పేగు కుళ్లే జబ్బు, మరణాలు ఎక్కువగా కనిపించాయని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. జబ్బుగా ఉన్న బిడ్డకే మందు ఎక్కువ వాడతారు కాబట్టి దోషమంతా మందుదే అనలేం. కానీ మొండి క్రిములు ఆ వార్డులోనే తయారవుతాయన్నది మాత్రం ఖాయం. అవి పక్క ఇంక్యుబేటర్‌లోని బిడ్డకూ చేరతాయి.

తల్లిని బయట కూర్చోబెట్టడం కూడా పాత అలవాటే. ఇన్ఫెక్షన్ వస్తుందని అద్దం అవతలే ఆపేవారు. ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆస్పత్రుల్లో పుట్టిన వెంటనే బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టే కంగారూ కేర్‌ను పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం 28 రోజుల్లోపు మరణాలు మామూలు పద్ధతిలో 15.7 శాతం ఉంటే, ఇందులో 12 శాతమే. సెప్సిస్ (ఒంటినిండా పాకే తీవ్ర ఇన్ఫెక్షన్) అనుమానిత కేసులూ తగ్గాయి. తల్లిపాలు ఇన్ఫెక్షన్ నుంచి కాపాడతాయన్న సంగతి సరే, అది ఎప్పటినుంచో తెలిసిందే.

ఇవన్నీ జరగాలంటే వార్డులో మనుషులు ఉండాలి. ఇంటెన్సివ్ కేర్‌లో బిడ్డకో నర్సు ఉండాలని బ్రిటన్ ప్రమాణాలు చెబుతాయి. ఒక నర్సు నలుగురైదుగురిని చూస్తుంటే, అలారం మోగిన ప్రతిసారీ చేతులు పూర్తిగా శుభ్రం చేసుకుని పరిగెత్తడం కుదిరే పని కాదు. గోడకు పోస్టర్ అంటించి, తర్వాత నర్సునే నిలదీయడం అన్యాయం. పైగా కడుక్కునే నీళ్లనూ గుడ్డిగా నమ్మలేం. 2011 డిసెంబర్, 2012 జనవరి నెలల్లో ఉత్తర ఐర్లాండ్‌లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకి నలుగురు పసికందులు చనిపోయారు. ఆ క్రిమి వార్డు కుళాయిల్లోనే దొరికింది.

కాబట్టి ప్రతి ఎన్ఐసీయూ తన లైన్ ఇన్ఫెక్షన్ల రేటునూ, యాంటీబయాటిక్ రోజులనూ, షిఫ్టుకు ఎంతమంది నర్సులున్నారన్న లెక్కనూ బయటపెట్టాలి. ఆస్పత్రులు ఇప్పటికే ప్రతి బిడ్డ బరువూ గ్రాములతో సహా రాస్తాయి. అదే కేసు షీటులో లైన్ ఏ రోజు వేశారు, ఇవాళ అది ఎందుకు అవసరం, ఎప్పుడు తీస్తారు అన్నది కూడా రోజూ రాసి తల్లిదండ్రులకు చూపించడానికి కొత్త మెషీన్ ఏదీ అక్కర్లేదు.