28 మంది సరే, మిగతా డివిజన్ సంగతేంటి?

1941లో మాస్కో ముందు జర్మన్లకు అడ్డం నిలిచిన సోవియట్ జనరల్ పాన్‌ఫిలోవ్ డివిజన్ పేరెత్తితే చాలు, దుబోసెకోవో అనే చోట దాని సైనికులు 28 మంది జర్మన్ ట్యాంకుల్ని ఆపింది నిజమా, కట్టుకథా అని రెండు వర్గాలు జుట్లు పట్టుకుంటాయి. అది 1948లోనే తేలిపోయింది మహాప్రభో. సోవియట్ మిలిటరీ ప్రాసిక్యూటర్లే విచారించి, ఆ కథ సైన్యం పత్రిక 'క్రాస్నాయా జ్వెజ్దా'లో పుట్టిందని రాశారు. 'అమరులు' అంటూ 1942 జులైలో బిరుదులిచ్చిన వాళ్లలో కొందరు బతికే ఉన్నారు. దోబ్రోబాబిన్ అయితే జర్మన్ల కింద పోలీసు పని కూడా చేశాడు. ఆ నివేదికను 2015లో రష్యా స్టేట్ ఆర్కైవే జనం ముందు పెట్టింది.

"అయితే అంతా బూటకమే" అని ఎగిరేవాళ్ల మీద నాకు ఇంకా మంట. అదే విచారణలో, ఆ 28 మంది పనిచేసిన 1075వ రెజిమెంట్ కమాండర్ కాప్రోవ్ ఏం చెప్పాడు? నవంబరు 16న పోరాడింది నాలుగో కంపెనీ మొత్తం, చనిపోయింది వందమందికి పైనే అన్నాడు. పత్రిక పుణ్యమా అని డెబ్బైమందికి పైగా లెక్కలోంచే ఎగిరిపోయారు.

అసలు సరుకు అక్టోబరులో ఉంది. 1941 జులైలో కజకస్తాన్‌లోని అల్మా-అతాలో కూర్చిన ఈ 316వ రైఫిల్ డివిజన్‌కు, మాస్కోకు పడమరనున్న వొలొకొలాంస్క్ పట్టణం ముందు కాయమని అప్పగించింది 41 కిలోమీటర్లు. నిబంధనల ప్రకారం డివిజన్ కాయాల్సింది 8 నుంచి 12. అంత పొడవునా మనుషుల్ని పరిస్తే ఎక్కడ పొడిచినా చిరుగుతుంది. బురదలో ట్యాంకు రోడ్డు దిగలేదు కాబట్టి పాన్‌ఫిలోవ్ రోడ్ల మీదే ఫిరంగులతో గట్టి స్థావరాలు పెట్టి, మధ్య జాగా పలచగా వదిలాడు. ట్యాంకులు ఎటు మళ్లితే అటు ముందే చేరి మందుపాతరలు పాతడానికి చిన్న దళాలు. చిక్కేంటంటే, శత్రువు పక్కల నుంచి దూరితే స్థావరం చుట్టుముట్టులో పడుతుంది. ఈ డివిజన్‌లోనే మొమీషూలీ అనే అధికారి నడిపిన బెటాలియన్ అలాగే పడి, పోరాడుతూ బయటికొచ్చింది. అక్టోబరు 27న వొలొకొలాంస్క్ పోయింది. అప్పటికి జర్మన్లకు పది రోజులకు పైగా ఖర్చయిపోయాయి.

నవంబరులో నేల గడ్డకట్టింది. ట్యాంకులు పొలాలకు అడ్డంపడి వచ్చాయి, పాత లెక్క చెల్లలేదు. అప్పుడే చేతికొచ్చిన, ట్యాంకుల్ని కొట్టే కొత్త తుపాకీ పీటీఆర్‌డీ బరువు 17 కిలోలు, మోయడానికి ఇద్దరు, ఒక్కసారికి ఒక్క తూటా. వంద మీటర్లలో చీల్చేది 40 మిల్లీమీటర్ల ఉక్కు, అదీ సూటిగా తగిలితే. జర్మన్ల కొత్త పాంజర్-3 ట్యాంకు ముందు కవచం 50 మిల్లీమీటర్లు, పక్కది 30. అంటే ఎదురొచ్చేదాన్ని కొట్టి లాభం లేదు, కందకం దాటి పక్క చూపించేదాకా ఊపిరి బిగబట్టాలి. పేల్చాక ఎగిరే మంచుపొడి చోటు పట్టిచ్చేస్తుంది.

నవంబరు 18న గుసెనెవోలో మోర్టార్ ముక్క తగిలి పాన్‌ఫిలోవ్ పోయాడు. డివిజన్ మాత్రం, బాగా పోరాడిన దళాలకిచ్చే 'గార్డ్స్' గౌరవంతో 8వ గార్డ్స్ అన్న కొత్త పేరు తెచ్చుకుని, రష్యాలోని ఖోల్మ్, లాత్వియాలోని రేజెక్నె మీదుగా 1945లో అక్కడి కుర్లాండ్ దాకా నడిచింది. ఆ మూడున్నరేళ్ల మీద ఒక్క పోస్టు చూపించండి, చూద్దాం.