సత్రం వసారాలో వయొలిన్

అరసవల్లిలో సత్రం నడిపే వితంతువుకూ, చేయి పట్టు తప్పి కచేరీలు మానేసిన వయొలిన్ విద్వాంసుడికీ నడుమ భక్తి ముడివేసిన ప్రేమను చెప్పిన ఈ కథ నన్ను కదిలించింది. రథసప్తమి ముందు రాత్రి గదులన్నీ నిండిపోగా, ఆమె వసారాలో అతనికి చాప పరిచి, ఏమీ అడగకుండా గ్లాసుడు మజ్జిగ పక్కన పెట్టి వెళ్లే ఘట్టంలో ప్రేమ అన్న మాటే రాకపోవడం రచయిత్రి సంయమనానికి నిదర్శనం. 1919లో విజయనగరంలో వెలసి, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ గురువుగా ఉన్న సంగీత కళాశాలలో చదివినవాడు కమాను పక్కన పెట్టడమంటే ఎంత బాధో నాకు తెలుసు. వేళ్లు పట్టు తప్పాక మా నాన్నగారు కూడా రోజూ వయొలిన్ పెట్టె తెరిచి, తుడిచి, మూసేసేవారు. అయితే మొక్కు తీరగానే కథానాయకుడి చేయి బాగుపడటం తొందరపాటుగా తోచింది. అతను సూర్యనారాయణస్వామి ఎదుట ఇక ఎన్నడూ వాయించలేడని తెలిసీ ఆమె అతన్నే కోరుకుని ఉంటే, ఆ విశ్వాసం మరింత గట్టిగా నిలిచేది.